మళ్ళీ నిలబడ్డోళ్ళు

పానగల్ గుట్టెక్కి కోటగోడ చూసినప్పుడల్లా నాకు గెలిచిన దేవరాయలు గుర్తుకు రాడు, ఓడిన ఫిరోజ్ షా గుర్తుకొస్తాడు. చిన్నాచితకా మనిషి కాదు, బహమనీ సుల్తాను. విజయనగరంతో అంతకుముందు తలపడి పైచేయి అనిపించుకున్నవాడే. పదిహేనో శతాబ్దం మొదట్లో మళ్ళీ వచ్చి, ఈ గుట్ట కింద డేరాలు దించి, దాదాపు రెండేళ్ళు కూర్చున్నాడు. కోట లొంగలేదు. దండులో రోగాలు పుట్టాయి, మనుషులూ గుర్రాలూ రాలిపోయాయి, చివరికి రాయల సేన మీద పడితే ప్రాణాలతో బయటపడటమే గొప్పయింది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, అంతటి సుల్తానుకే పానగల్‌లో డిపాజిట్ గల్లంతయింది.

ఈ పానగల్ మండలం ఓట్ల సంగతి కొంచెం తిరకాసు. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు వనపర్తిలో కలిసింది. అసెంబ్లీకి మాత్రం కొల్లాపూర్ కింద ఉంది. కొల్లాపూరేమో నాగర్‌కర్నూల్ జిల్లా. కలెక్టరు ఒక దిక్కు, ఎమ్మెల్యే ఇంకో దిక్కు. వీపనగండ్ల, చిన్నంబావి వాళ్ళదీ ఇదే గోస. కాబట్టి 2023 నవంబర్‌లో పెద్దకొత్తపల్లి మండలపు పిల్ల ఒకతె ఈల గుర్తు మీద నిలబడితే, జిల్లా వేరైనా పానగల్ బూతుల్లోనూ ఆమె పేరు, ఫొటో ఓటు మిషన్ మీదికొచ్చాయి. పార్టీల వాళ్ళందరి పేర్లూ అయ్యాక, కింద స్వతంత్రుల వరసలో.

కర్నె శిరీష అంటే సొంతూళ్ళోనైనా ఒక్క క్షణం ఆలోచిస్తారేమో. బర్రెలక్క అంటే రెండు రాష్ట్రాలకూ తెలుసు. డిగ్రీ చదివినా నోటిఫికేషన్లు పడటం లేదు, అందుకే బర్రెలు కొనుక్కుని కాస్తున్నానని గొడ్ల మధ్య నిలబడి ఫోన్‌లో ఒక వీడియో తీసింది. నవ్వుతూనే చెప్పింది. పోలీసులకు మాత్రం నవ్వు రాలేదు, కేసయింది. ఆ కేసు లేకపోతే ఆమె రాజకీయాల దిక్కు చూసేదా అని నాకొక అనుమానం. మన సర్కార్లకు ఇదొక అలవాటు. గేటు దగ్గర అర్జీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి లోపలికి పిలవరు, మీద కేసు పెట్టి లీడర్‌ని చేస్తారు.

నామినేషన్ వేశాక జరిగిందంతా జాతరే. యానాం నుంచి పుదుచ్చేరి మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయలు పంపాడు. సీబీఐ మాజీ జేడీ లక్ష్మీనారాయణ స్వయంగా వచ్చి ప్రచారం చేశాడు. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద చెయ్యి పడింది. హైకోర్టుకు పోతే, పోలీసు రక్షణ ఇవ్వమని కోర్టు చెప్పింది. ఎక్కడెక్కడి నుంచో నిరుద్యోగ పిల్లలు సొంత ఖర్చులతో దిగి, సందుల్లో ఈలలేసుకుంటూ తిరిగారు. ఒక్కో యూట్యూబ్ చానల్ ఆమెను అప్పుడే అసెంబ్లీలో కూర్చోబెట్టింది.

డిసెంబర్ 3న పెట్టెలు విప్పితే 5,754 ఓట్లు. నాలుగో స్థానం.

ఈ లెక్కను చాలామంది పెదవి విరిచి చదివారు. నేనట్లా చదవను. తమిళనాడులో మేట్టూరు దగ్గర పద్మరాజన్ అని టైర్ల రిపేరు దుకాణం ఆయన ఒకడున్నాడు. 1988 నుంచి నిలబడుతూనే ఉన్నాడు, 200 ఎన్నికలు దాటాయి. ఓడిపోవడమే తన పని అని చెప్పుకుంటాడు. ఆయన జన్మలో తెచ్చుకున్న అత్యధిక ఓట్లు 2011లో సొంతూళ్ళో పడ్డ 6,273. శిరీష మొదటి దెబ్బకే దాదాపు ఆ గీత దాకా పోయింది. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. కొల్లాపూర్‌లో అది ముప్పై వేల పైమాట. మూడో స్థానంలో వచ్చిన బీజేపీ అభ్యర్థికే దక్కలేదు, ఈల గుర్తుకెక్కడ దక్కుతుంది?

గెలిచిందేమో జూపల్లి కృష్ణారావు, కాంగ్రెస్. ఓడిందేమో బీరం హర్షవర్ధన్ రెడ్డి, బీఆర్ఎస్. అయిదేళ్ళ ముందు ఇదే కొల్లాపూర్‌లో బీరం కాంగ్రెస్, జూపల్లి టీఆర్ఎస్ మంత్రి. అప్పుడు బీరం గెలిచాడు, గెలిచి టీఆర్ఎస్‌లోకి పోయాడు. జూపల్లి కొన్నేళ్ళు చూసి కాంగ్రెస్‌లోకి వచ్చాడు. మనుషులు వాళ్ళే, జెండాలు తారుమారు. ఓటరు ఎవరికి వేసినా పాత మొహమే. అట్లాంటి చోట కొత్త మొహం ఒకటి కనిపిస్తే 5,754 మంది వేలు అటు పోయిందంటే, అది జాలి ఒక్కటే కాదనుకుంటాను.

కొల్లాపూర్‌లో స్వతంత్రులు గెలవరని కూడా అనడానికి లేదు. 2004లో సీటు పొత్తులో పోతే ఇదే జూపల్లి స్వతంత్రుడిగా నిలబడి గెలిచాడు. కాకపోతే అప్పటికే ఆయన ఎమ్మెల్యే. ఊరూరా మనుషులున్నారు, వాళ్ళ కింద మనుషులున్నారు. స్వతంత్రం అనేది కూడా ఆస్తి ఉన్నవాడికే కలిసొస్తుంది.

అసెంబ్లీ కథ ఇక్కడితో ఆగితే అందరూ చప్పట్లు కొట్టి మర్చిపోయేవాళ్ళు. శిరీష ఆగలేదు. ఆరు నెలలు తిరగకముందే, 2024 పార్లమెంటు ఎన్నికల్లో నాగర్‌కర్నూల్ నుంచి మళ్ళీ నామినేషన్ వేసింది. మొన్నటిదాకా శభాష్ అన్న నోళ్ళే ఇప్పుడు ఇదేం పిచ్చి అన్నాయి. మొదటిసారికి ధైర్యమని పేరు, రెండోసారికి యావ అని పేరు.

నాగర్‌కర్నూల్ పార్లమెంటు అంటే ఏడు అసెంబ్లీలు, 17 లక్షల పైన ఓటర్లు. ఒక కొస అచ్చంపేట దగ్గర నల్లమలలో ఉంటుంది, ఇంకో కొస కృష్ణ దాటి నడిగడ్డలో, గద్వాల అవతల అలంపూర్ దగ్గర తుంగభద్రలో కాళ్ళు కడుక్కుంటుంది. చట్టం ప్రకారం అభ్యర్థి 95 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు అనే మాటకు నవ్వు రావాలి. జీపు డీజిలు, మైకు, కరపత్రాలు, వెంట తిరిగే నలుగురికి పూటకింత అన్నం. ఇవి లేకుండా ఏడు అసెంబ్లీలు తిరగడం ఎవరి తరం? అటు చూస్తే కాంగ్రెస్ మల్లు రవి, బీజేపీ భరత్ ప్రసాద్, బీఆర్ఎస్ ప్రవీణ్ కుమార్. మూడు పెద్ద పార్టీల గుర్తులు. ఈమె మాటకు చెవొగ్గే తీరిక ఎవరికీ లేకపోయింది. కెమెరాలూ అంతగా రాలేదు. మల్లు రవి గెలిచాడు, ఈమె డిపాజిట్ ఈసారీ పోయింది.

నాకైతే మొదటి పోటీ కంటే ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. మొదటిసారి జనం ఆమెను ఎత్తుకుని నడిచారు. రెండోసారి తన కాళ్ళ మీద తనే నడిచింది.

ఇంకో సంగతుంది. 2024లో గెలిచిన మల్లు రవి 2019లో ఇదే నాగర్‌కర్నూల్‌లో ఓడినాయన. ఇదే సీటు ఆయన 1991లో, 1998లో గెలిచాడు, మళ్ళీ దక్కడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ మధ్యలో ఆయన్ను చూసి ఎవరూ నవ్వలేదు, సీనియర్ నాయకుడన్నారు. నేనూ ఆయన్ను తప్పుపట్టడం లేదు. భుజం మీద కండువా ఉంటే ఓటమి అనుభవం కింద రాసుకుంటారు, లేకుంటే పిచ్చి కింద రాస్తారు. అంతే తేడా. ఫలితాల మర్నాడు పేపర్లో పట్టీ చూడండి. మూడు పార్టీలకు మూడు గళ్ళు, మిగతా అందరికీ కలిపి ఒకటే గడి, 'ఇతరులు'.

గెలవడానికి కాకుండా నిలబడ్డవాళ్ళు కూడా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. నల్లగొండ పక్కన ఇంకో పానగల్ ఉంది, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది. ఆ జిల్లాలో నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్ళెన్నో. 1996 పార్లమెంటు ఎన్నికల్లో దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపు మీద రైతులు, ఫ్లోరైడ్ బాధితులు వందల్లో పోయి నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. బొమ్మగాని ధర్మభిక్షం గెలిచాడు. 477 మందికి డిపాజిట్లు పోయాయి. డిపాజిట్ అప్పుడు అయిదు వందలు. అర్జీకి కట్టిన స్టాంపు రుసుం అనుకున్నారు వాళ్ళు.

ఢిల్లీ ఆ అర్జీ చదివిందో లేదో కానీ, రుసుం మాత్రం పెంచింది. అదే ఏడాది చట్టం మార్చి పార్లమెంటు డిపాజిట్ అయిదు వందల నుంచి పది వేలు చేశారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదించాలన్నారు. 1996లో దేశమంతా 13,952 మంది నిలబడితే 1998కి 4,750 మంది మిగిలారు. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. నీళ్ళు కూడా వచ్చాయి లెండి, ఆలస్యంగా. ఆ పానగల్ దగ్గరి ఉదయసముద్రంలోకే కృష్ణ నీళ్ళు ఎక్కించారు. ఆ 480 నామినేషన్ల వల్లే వచ్చాయని నేననను. వాటికీ దీనికీ సంబంధం లేదంటే మాత్రం ఊరుకోను.

ఇంత పెద్ద కథలు వదిలేస్తే, ఓడేవాణ్ణి దగ్గరగా చూడాలంటే ఊళ్ళోనే చూడాలి. మా దిక్కు ఒక కాక ఉన్నాడు. పేరెందుకు? ఊళ్ళో అందరూ 'ఎమ్మెల్యే సాబ్' అంటారు. వార్డు మెంబరుకు నిలబడి ఓడాడు, సర్పంచికి నిలబడి ఓడాడు, ఎంపీటీసీకి నిలబడి మళ్ళీ ఓడాడు. డిపాజిట్ కట్టిన రశీదులు పట్టా పాస్‌బుక్ పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోనే దాచుకున్నాడు. సర్పంచి రశీదు మీద సంతకం వానకు అలుక్కుపోయింది. దాన్ని తీసి చూపించేటప్పుడు ఆయన మొహంలో సిగ్గు కనిపించదు, భూమి కాగితం చూపించినట్టే చూపిస్తాడు.

"కాకా, మళ్లొక్కసారి ఏస్తవా?" అని అడిగితే, "ఎందుకెయ్య? ఎవనికి భయం?" అంటాడు.

పంచాయతీ ఓటులో ఇంకో చిత్రముంది. గులాబీ కాగితం మీద గుర్తులే ఉంటాయి, పేర్లుండవు. ఉంగరం, కత్తెర, బ్యాటు. ఇన్నేళ్ళుగా నిలబడుతున్నా సర్పంచి ఓటు కాగితం మీద కాక పేరు ఏనాడూ అచ్చుకాలేదు. ఆయనకు అదొక్కటే బాధ. ఓడిన మర్నాడు పొద్దున్నే చాయ్ హోటల్ ముందు కూర్చుని ఏ వాడలో ఎన్ని పడ్డాయో లెక్క తీస్తాడు. మాటిచ్చి తప్పినవాళ్ళు ఎవరో ఆయనకు పక్కాగా తెలుసు. తెలిసినా వాళ్ళతోనే చాయ్ తాగుతాడు. తాగించేది కూడా ఆయనే.

ఖర్చేమీ తక్కువ కాదు. రెండు మేకలు ఒక ఎన్నికకు, చిన్నమ్మ పుస్తెల తాడు ఇంకో ఎన్నికకు పోయాయి. తాడు విడిపించారు, మేకలు రాలేదు. చిన్నమ్మ ఆ మేకల పేర్లు చెప్పి మరీ తిడుతుంది.

మొన్నటి పంచాయతీ ఎన్నికలకు రిజర్వేషన్ మారి ఊరు మహిళకు పోయింది. కాక మొహం మాడిపోయింది. రెండు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు చిన్నమ్మ ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని మండలాఫీసుకు బయల్దేరితే, ఆమె వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఓట్లు నాకు పడితే గెలిచేది నేను. నువ్వు కుర్చీల కూసుంటే ఊకోను."

"నువ్వే కూసో తియ్యి, ముందు సంతకం పెట్టు" అన్నాడు కాక.

పెట్టింది. ఇంటింటికీ తనే తిరిగింది. కాక వెనకాల కరపత్రాలు మోశాడు. లెక్క తీస్తే ఆయనకు ఎన్నడూ పడనన్ని ఓట్లు ఆమెకు పడ్డాయి. ఓడింది. కాక మాత్రం చాయ్ హోటల్ ముందు కూర్చుని ఆ ఎక్కువ పడ్డ ఓట్లు తనవేనని వాదిస్తున్నాడు. ఇంట్లో చిన్నమ్మ మేకల ఊసెత్తడం మానేసింది. దారిన పోయేవాళ్ళను ఆపి, ఎంపీటీసీ ఎప్పుడొస్తదని అడుగుతున్నది.