ఎమ్ అంటే ఏటిరా?

ముందే ఒక మాట. తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకిదే మొదటిసారి. పదో తరగతి వరకూ తెలుగు నాకు ఒక సబ్జెక్టు మాత్రమే. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. కాబట్టి తప్పులుంటే క్లబ్ సీనియర్లు దిద్దుతారన్న ధైర్యంతో రాస్తున్నా. కారు గురించి రాస్తానంటే "అది లిటరరీ క్లబ్‌కి ఎందుకురా?" అని రూమ్మేట్ నవ్వాడు. చదివి మీరే చెప్పండి.

మా నాన్న డ్రైవర్. వైజాగ్‌లో ఒక ట్రావెల్స్‌లో ఇరవై రెండేళ్ళు టూరిస్టు బళ్ళు నడిపాడు. ఎక్కువ ట్రిప్పులు అరకుకే. నా ఇంగ్లిష్ మీడియం ఫీజులన్నీ ఆ ఘాట్ రోడ్డు మీద నుంచే వచ్చాయి. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరైనా అడిగితే "నాన్న టూరిజం ఫీల్డ్‌లో ఉన్నారు" అనేవాణ్ణి. అబద్ధమైతే కాదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట నాన్న ఎడమ మోకాలు మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే చూసి క్లచ్ బండి మానెయ్యమన్నాడు. ట్రావెల్స్ ఓనరు ఆఫీసులో బుకింగ్‌లు చూసుకోమని కుర్చీ ఇచ్చాడు. పోయిన దసరాకి ఇంట్లోకి ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాం. వెయ్యి సీసీ పెట్రోలు ఇంజిను, అరవై చిల్లర హార్స్‌పవర్. కంపెనీ పేరు చెప్పను, ఈ కథలో దాని తప్పేమీ లేదు.

మొదటి రోజు నాన్నే నడిపాడు. సందు మలుపులో అలవాటుగా ఎడమ కాలు క్లచ్ కోసం వెళ్ళింది. అక్కడున్నది బ్రేక్. బండి కొయ్యబారినట్టు ఆగిపోయింది, వెనక అమ్మ ఒళ్ళో ఉన్న పులిహోర గిన్నె ముందు సీటుకి గుద్దుకుంది. నాన్న ఏమీ అనలేదు. దిగి తాళం నా చేతిలో పెట్టి, "ఇది బండి కాదురా, స్కూటీ. నువ్వే నడుపుకో" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో మా నాన్న ప్యాసింజర్ సీట్లో కూర్చోవడం నేను చూడలేదు. ఆ రోజు నుంచి కూర్చోవడం మొదలుపెట్టాడు.

నా లైసెన్సు అప్పటికి నాలుగు నెలల పాతది. డ్రైవింగ్ స్కూల్‌లో నేర్చుకున్నది గేరు బండి మీద, మిగతా జ్ఞానమంతా యూట్యూబ్ మీద. అక్కడ చూసినవన్నీ ఫారిన్ కార్లు. స్టీరింగ్ వెనక రెండు రెక్కల్లాంటి ప్యాడిల్స్ ఉంటాయి, కుడిది నొక్కితే గేరు పెరుగుతుంది, ఎడమది నొక్కితే తగ్గుతుంది, ఇంజిను సింహంలా గర్జిస్తుంది. మా బండిలో ప్యాడిల్స్ లేవు. పార్కింగ్‌కి పి కూడా లేదు. ఆర్, ఎన్, డి, ఎమ్. అంతే. ఎమ్‌లోకి లాగితే పక్కన ప్లస్, మైనస్ గుర్తులు.

ఆ ఎమ్ మీద నాకు పిచ్చి పట్టింది. నడుస్తుండగానే డి నుంచి ఎమ్‌లోకి మార్చొచ్చా? (మార్చొచ్చు, ఆపక్కర్లేదు.) గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదలాలా? (కొంచెం వదిలితే ఆ తల ఊపుడు తగ్గుతుంది. ఇలాంటి బండి ఎక్కినవాళ్ళకి ఆ ఊపుడు తెలుసు.) గేరు తగ్గించడం మర్చిపోయి సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజిను ఆగిపోతుందా? (ఆగదు, అదే తగ్గించుకుంటుంది.) ఒకసారి బీచ్ రోడ్డులో నలభైలో వెళ్తూ ఒకటో గేరు అడిగాను. బీప్ అని అరిచి ఊరుకుంది. అప్పుడు అర్థమైంది, ఎమ్‌లో మనం ఇచ్చేది కమాండ్ కాదు, రిక్వెస్ట్. లోపలున్న కంప్యూటర్ చూసి, ఇంజిను పాడవుతుందనుకుంటే రిజెక్ట్ చేస్తుంది. మన బ్రాంచ్ వాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. బండి స్లోగా ఉందని రెండో పిచ్చి. వేసవి సెలవుల్లో రెండు చిన్న వెబ్‌సైట్లు చేసిపెట్టి 22,000 కూడబెట్టాను. దాంతో ఇంజిను కంప్యూటర్‌ని రీమ్యాప్ చేయించి, ఒక స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాలని ప్లాన్. ఊళ్ళో ఒక షాపువాడు 18,000 చెప్పాడు, "పికప్ మామూలుగా ఉండదు తమ్ముడూ" అన్నాడు. నాన్నకి చెప్పలేదు. డిసెంబర్‌లో అరకు ట్రిప్పు అయ్యాక చేయిద్దామనుకున్నా.

అరకు ట్రిప్పు అమ్మ కోరిక. నాన్న వందల మందిని తీసుకెళ్ళాడు గానీ మమ్మల్ని తీసుకెళ్ళింది రెండుసార్లే, అదీ ఖాళీ బండి వెనక్కి తేవాల్సి వచ్చినప్పుడు. పొద్దున్నే పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా ఎక్కేశాం. ఎక్కేటప్పుడు ఒక మలుపులో ముందు లారీ ఆగిపోతే మా బండి ఒక అడుగు వెనక్కి జారింది. నాన్న ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపి హ్యాండ్ బ్రేక్ లాగాడు. "ఇది లాగి, కొంచెం రేస్ ఇచ్చి, అప్పుడు వదులు" అన్నాడు. అంతే, అరకు చేరేదాకా ఇంకో మాట లేదు. కాఫీ తోటలు, చాపరాయి, బొంగు చికెన్, అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

దిగేటప్పుడు సాయంత్రం నాలుగైంది. గాలికొండ దాటాక నేను డి లోనే వస్తున్నాను. బండి జోరందుకోవడం, నేను బ్రేక్ తొక్కడం, మళ్ళీ జోరందుకోవడం. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, నాకు ఆ తర్వాతే తెలిసింది. డి లో ఉన్నప్పుడు గేర్‌బాక్స్‌కి మన స్పీడెంతో తెలుసు, మన కాలు యాక్సిలరేటర్ మీద ఉందో లేదో తెలుసు. ముందు లోయ ఉందని మా బండిలాంటి దానికి తెలీదు. కాలు తీసేసి స్పీడు పెరుగుతుంటే, ఆహా వీడు హాయిగా వెళ్తున్నాడు అనుకుని పెద్ద గేరు వేస్తుంది. పెద్ద గేరులో ఇంజిను బండిని పట్టుకోదు. భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

అనంతగిరి దాటిన కాసేపటికి అమ్మ "ఏటో కాలిన వాసనొస్తంది" అంది. బయట ఎవరో చెత్త తగలబెడుతున్నారేమో అన్నాను. తర్వాతి మలుపు ముందు బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా, స్పాంజిలా లోపలికి దిగిపోయింది. బండి తగ్గాల్సినంత తగ్గలేదు. స్పీడు యాభై. ఎడమ పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు.

నాన్న గొంతు పెంచలేదు. "బ్రేకు మీదే ఉండిపోకు. రెండో గేర్లో వెయ్యి."

నా చెయ్యి లివర్ మీదే ఉంది. ఎమ్ గురించి అన్ని వీడియోలు చూసిన నాకు ఆ క్షణంలో ఎమ్ గుర్తురాలేదు. "ఇది ఆటోమేటిక్ నాన్నా" అన్నాను. ఎంత పిచ్చి జవాబో చూడండి.

"ఏదో ఒకటి ఉంటాది కదరా, చిన్న గేరు వెయ్యి!"

అప్పుడు వెలిగింది. ఎమ్‌లోకి లాగి మైనస్, మైనస్. మూడు పడింది, రెండు పడింది. ఇంజిను ఒక్కసారి గట్టిగా అరిచింది, బండిని ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టయింది. భయంతో ఇంకో మైనస్ నొక్కాను. బీప్. ఒకటి ఇవ్వలేదు. ఇంజిను పేలిపోతుందేమోనని నేను ప్లస్ వైపు చెయ్యి కదిపితే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "అరవనీ. అరుస్తందంటే పట్టుకుంటందని."

నలభై, ముప్ఫై, ఇరవై ఐదు. మలుపు తిరిగాం. రోడ్డు కొంచెం వెడల్పున్న చోట కొండ వైపు ఆపి హ్యాండ్ బ్రేక్ లాగాను. నాన్న కుంటుకుంటూ దిగి ఒక రాయి తెచ్చి ముందు టైరు కింద పెట్టాడు. చెల్లి నిద్ర లేవనే లేదు. అమ్మ లోపల్లోపల సింహాద్రి అప్పన్నకి ఏదో మొక్కేసుకుంది, ఏమిటో ఇప్పటికీ చెప్పలేదు.

వీల్స్ ముట్టుకోలేనంత వేడి. నీళ్ళు పోద్దామని బాటిల్ తీస్తే నాన్న వద్దన్నాడు, వేడి ఇనుము మీద చల్లనీళ్ళు పోస్తే వంకర్లు పోతుందట. ముప్పావు గంట అలాగే కూర్చున్నాం. బ్రేక్ ఆయిల్ పాతబడితే గాల్లో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కినప్పుడు ఆ నీళ్ళు మరిగి ఆవిరవుతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తబడుతుంది. ఇది నేను చెప్పాను. నాన్న విని, "ఆయిలు మార్చి ఎన్నాళ్ళయిందో బండి కొన్నప్పుడే అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే" అన్నాడు. నాన్న నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

కాసేపాగి, "ఇందాక నువ్వు లాగావే, ఆ ఎమ్. ఎమ్ అంటే ఏటిరా?"

మాన్యువల్ అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. మన బండిలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. పెడల్ మాత్రం తీసేసి, క్లచ్ నొక్కడానికీ గేరు మార్చడానికీ ఒక మెషిన్ పెట్టారు. 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. దీన్ని ఏఎంటీ అంటారు. మిగతా ఆటోమేటిక్‌లు వేరే రకం.

నాన్న లివర్ వైపే చూస్తున్నాడు. "అంటే క్లచ్ తొక్కడానికి లోపల ఇంకొకణ్ణి కూర్చోబెట్టారన్నమాట. నా మోకాలి పని వాడు చేస్తాడు. ఏ గేరో నేను చెప్పొచ్చు."

"చెప్పొచ్చు. నచ్చకపోతే వినడు."

"క్లీనర్ కుర్రాడిలాగ" అని నవ్వాడు.

నేను 'ఇంజిన్ బ్రేకింగ్' గురించి చదివాను గానీ దానికి తెలుగు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. నాన్నవాళ్ళు 'గేరు మీద దింపడం' అంటారు. ఏ గేర్లో కొండ ఎక్కితే ఆ గేర్లోనే దిగాలి, అది డ్రైవర్ల లెక్క. న్యూట్రల్‌లో దింపి పెట్రోలు మిగిల్చేవాళ్ళని నాన్న తిట్టే తిట్లు ఈ మ్యాగజైన్‌లో రాయలేను. పైగా ఆ పెట్రోలు కూడా మిగలదు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి కాలు తీసేస్తే పెట్రోలు సరఫరా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజిను తిరగడానికి తాగుతూనే ఉంటుంది. ఈ సంగతి చెప్తే నాన్న ముఖం వెలిగిపోయింది, పాత డ్రైవర్లతో ఇరవై ఏళ్ళ వాదన ఒకటి గెలిచినట్టు. మిగతా ఘాట్ మొత్తం రెండులో, అక్కడక్కడ మూడులో దిగాం. ఏ మలుపుకి ఏది అన్నది నాన్న చెప్పాడు, నేను నొక్కాను. ఆయనకి ప్రతి మలుపూ గుర్తుంది.

ఇంటికొచ్చాక నా 22,000 సంగతి చెప్పేశాను. తిడతాడనుకున్నా. "దాంతో ఎంత పెరుగుతాది?" అని అడిగాడు. అప్పుడు సరిగ్గా కూర్చుని చదివాను. టర్బో లేని చిన్న ఇంజిన్‌లో రీమ్యాప్‌తో పెరిగేది చాలా కొద్ది, సీట్లో కూర్చున్నవాడికి తెలియడం కూడా కష్టం. టర్బో ఉంటే కథ వేరు. గేర్లు మార్చే కంప్యూటర్ ఇంజిను ఎంత బలం ఇస్తుందో లెక్కేసుకునే క్లచ్ పట్టి వదులుతుంది, ఆ లెక్క మనం మారిస్తే క్లచ్‌కే దెబ్బ. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. టర్బో ఉన్న ఫ్రెండ్స్ నాతో గొడవకి రావచ్చు, రండి, క్యాంటీన్‌లో మాట్లాడుకుందాం.

డబ్బులు బ్రేక్ ప్యాడ్‌లకి, బ్రేక్ ఆయిల్‌కి, ముందు రెండు టైర్లకి పోయాయి. అలవాటు లేని కొత్త బ్రేక్‌తో మొదటి రోజు నేనే బండిని కుదిపి కుదిపి నడిపాను. మిగిలిన కొంచెంలో చెల్లి హెడ్‌ఫోన్స్ కొట్టేసింది.

సంక్రాంతి సెలవుల్లో అమ్మ మొక్కు తీర్చడానికి సింహాచలం వెళ్ళాం. కొండ కింద నాన్న "దిగు" అన్నాడు. ఎడమ కాలిని సీటు కిందకి మడిచి, అది బయటికి రాకుండా చెప్పు అడ్డం పెట్టుకుని, తనే నడిపాడు. పైకి డి లో. దర్శనం అయ్యాక కిందకి దిగేటప్పుడు లివర్‌ని ఎమ్‌లోకి లాగి నా వైపు ఒకసారి చూశాడు. రెండులో మెల్లగా దిగుతున్నాం. ఒక మలుపు ముందు ఆయనకి ఒకటో గేరు కావాల్సొచ్చింది.

బీప్.

"చెప్పింది చెయ్యరా!" అని బండిని గదమాయించి, బ్రేకు ఒక్కసారి తొక్కి స్పీడు తగ్గించి, మళ్ళీ అడిగాడు. ఈసారి ఇచ్చింది.