మోటార్ బాగానే ఉంది, పైపు పగిలింది

మిరప కోతల హడావుడిలో పడి పది రోజులుగా ఏమీ రాయలేదు. ఇవాళ పంట గురించి కాదు, మా కారు గురించి. టర్బో పెట్రోల్ కార్లు మన ఊళ్లలోకి కూడా బాగానే వచ్చాయి కాబట్టి కాస్త పొడుగైనా చదవండి.

రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఒక లీటరు ఇంజిను, మూడు సిలిండర్లు. ఇంత చిన్న ఇంజిను ఏం లాగుద్దిలే అనుకున్నా. 2 వేల ఆర్‌పీఎం దాటితే చాలు, దూడని విప్పినట్టు ఉరికేది. ఈ సంక్రాంతి తర్వాత ఆ ఊపు తగ్గింది. మెల్లగా పోతే ఏ తేడా తెలియదు, గట్టిగా తొక్కితే మాత్రం బుస్సుమని సౌండే గానీ బండి కదలదు. పెట్రోలూ ఎక్కువ తాగుతోంది. కోతలయ్యాక చూద్దాంలే అని వదిలేశా.

కంటి ఆపరేషన్ అయిన మా అత్తగారిని చూపించడానికి గుంటూరు బయల్దేరాం. సత్తెనపల్లి దాటాక ముందు పత్తి లోడు ట్రాక్టరు, ఎదురుగా దూరంగా లారీ. ఎప్పట్లాగే మూడో గేరేసి తొక్కా. ట్రాక్టరు పక్కకైతే వచ్చా గానీ అక్కడే నిలబడిపోయినట్టయింది. లారీ లైట్లు కొడుతూ వచ్చేస్తోంది. బ్రేకేసి మళ్లీ ట్రాక్టరు వెనక్కి దూరా. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. నల్లద్దాలు పెట్టుకుని వెనక కూర్చున్న అత్తగారు మాత్రం "ఏందయ్యా, అంత గట్టిగా బ్రేకేశావు" అన్నది. గుంటూరు చేరేదాకా నా చేతులు వణుకుతానే ఉన్నాయి.

మర్నాడు టౌన్లో ఒక షెడ్డుకి తీసుకెళ్లా. స్కానర్ పెట్టారు, పీ0299 అని కోడ్ వచ్చింది. "టర్బో పోయింది, మార్చాలి, 72 వేలు" అన్నారు. నా దగ్గర 80 వేలుంది, అది కోత కూలీలకి తెచ్చిన డబ్బు. కాయ పండి చెట్టు మీదుంది, శనివారం కూలీలకి ఇవ్వకపోతే సోమవారం ఎవరొస్తారు? ఎరువుల కొట్లో అడుగుదామా అని కూడా ఆలోచించా. పంట వాళ్లకే వెయ్యాలనే లెక్క మీకు తెలిసిందే.

సాయంత్రం మా ఊరి ట్రాక్టర్ మెకానిక్ కుర్రాడు కనపడితే చెప్పా. వాడు నవ్వి, "బాబాయ్, మడి చివరకి నీళ్లు రాకపోతే నువ్వు ముందు మోటార్ పీకుతావా, పైపు చూస్తావా?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా బోరు నడుపుతున్నోణ్ణి, నాకే తట్టలేదు చూడండి.

వాడు చెప్పింది ఇదీ. పొగ బయటికి పోయే ఊపుతో టర్బోలో చక్రం తిరుగుద్ది, నిమిషానికి లక్ష చుట్లు పైనే. అవతలి చక్రం గాలిని పీల్చి నొక్కుద్ది. నొక్కిన గాలి వేడెక్కుద్ది కాబట్టి ముందున్న ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, రబ్బరు పైపుల్లోంచి ఇంజిన్లోకి పోద్ది. ఆ కోడ్ చెప్పేది గాలి ఒత్తిడి చాలట్లేదని మాత్రమే. టర్బో పోయినా అదే కోడ్, పైపు చిల్లు పడినా అదే.

మా అబ్బాయి దగ్గర ఫోనుకి కలిపే చిన్న స్కానర్ ఉంది. ఇంజిను ఆపి తాళం తిప్పితే ఇన్‌టేక్ ఒత్తిడి 100 దగ్గర చూపించింది, అది మామూలు గాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో పూర్తిగా తొక్కితే ఇలాంటి బండిలో 180 పైన పోవాలంట. మాది 120 దాటలా.

ముందు ఎయిర్ ఫిల్టర్ తీస్తే కల్లం దుమ్మంతా అందులోనే ఉంది. అది నా తప్పే. తర్వాత ఇంజిను చల్లారాక టర్బో మూతి దగ్గర పైపు విప్పి చక్రాన్ని వేళ్లతో కదిపాడు. పక్కలకి వెంట్రుకవాసి ఆడింది, అంత ఉండొచ్చట. ముందుకీ వెనక్కీ అసలు ఆడలేదు. రెక్కలు గోడకి రాసుకున్న గీతల్లేవు. ఆయిల్ కూడా కారడం లేదు.

ఇక అసలు పని. మా డ్రిప్ పైపుల్లో మిగిలిన పీవీసీ ఎండ్ క్యాప్‌కి చిల్లు పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాడు. దాన్ని ఆ పైపు మూతికి క్లిప్పేసి, టైర్లకి గాలి కొట్టే మిషన్‌తో అర కేజీ గాలి ఎక్కించాడు. అంతకు మించి కొట్టకూడదు, సీళ్లు పోతాయి. పైపుల మీద సర్ఫు నీళ్లు పోస్తా వచ్చాం. ఇంటర్‌కూలర్ నుంచి పైకొచ్చే పైపుకి అడుగున, క్లిప్పు పక్కన, బుడబుడమని నురగ! పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. చేత్తో వంచితే రెండంగుళాల చీలిక నోరు తెరుస్తోంది. లోపల గాలి నొక్కినప్పుడే తెరుచుకుంటోందన్న మాట.

పైపు 2,600, క్లిప్పు 150, ఫిల్టర్ 450. కుర్రాడు డబ్బులొద్దన్నాడు, బలవంతాన 500 జేబులో పెట్టా. మొత్తం 3,700.

టౌన్ షెడ్డు వాళ్లని తిట్టడానికి ఇది రాయట్లేదు. టర్బోలు నిజంగానే పోతాయి కూడా. నీలం పొగ వస్తున్నా, సైరన్ లాగా ఊళ పెడుతున్నా, చక్రం ముందుకీ వెనక్కీ ఆడుతున్నా పైపులు మార్చి లాభం లేదు. ఇంజిను లైటు మిణుకు మిణుకుమంటే మాత్రం నడపకుండా పక్కకి ఆపండి. అది మంట సరిగా అంటుకోవట్లేదని, ప్లగ్గో కాయిలో చూడాలి. నాకు కోపం ఒక్కటే, పైపు చూడకుండానే 72 వేలు చెప్పడం.

ఆయిల్ మార్చడం నేను మూడు నెలలు ఆలస్యం చేశా. అంత వేగంగా తిరిగే చక్రానికి ఆ ఆయిలే ఆధారం, ఇక మానుతా. దూరం పోయి రాగానే టక్కున ఆపెయ్యకుండా ఒక నిమిషం తిరగనిస్తున్నా.

శనివారం కూలీలకి ఇచ్చేశా. ఆదివారం అత్తగారిని మళ్లీ గుంటూరు తీసుకెళ్లాం. సత్తెనపల్లి దాటాక మళ్లీ పత్తి ట్రాక్టరే. ఎదురుగా రోడ్డు ఖాళీ. తొక్కా. దాటేశాక మా ఆవిడ, "ఇక మెల్లగా పోనీ" అన్నది.