దూప గాదా?

మా అమ్మ కరీంనగర్‌లో ఒక్కతే ఉంటుంది. తోడుగా ఒక గండుపిల్లి. కూనగా ఉన్నప్పుడు నా ల్యాప్‌టాప్ కీబోర్డు మీద పడుకుని సగం ప్రోగ్రాం పాడు చేసిందని దానికి బగ్ అని పేరు పెట్టాను. అమ్మ నోట్లో అది బగ్గ అయింది. మా దిక్కు బగ్గ అంటే చాలా అని అర్థం. పేరుకి తగ్గట్టే ఆరు కిలోలు పెరిగాడు లెండి :)

మొదట్లో వాడి తిండి గురించి నాకే పట్టింపూ లేదు. పొద్దున పాలన్నం, ఆదివారం లోయర్ మానేరు నుంచి వచ్చిన బొచ్చె చేప తలకాయ ఉడకబెట్టి, మధ్యలో వాడి సొంత సంపాదన కింద ఒకటీ అరా ఎలుక. తర్వాత ఆపరేషన్ చేయించాం, వాడు గోడలెక్కడం మానేశాడు. అమ్మకీ మోకాళ్ల నొప్పులు, రోజూ వాడి కోసం వేరే వండటం కష్టమైపోయింది. అలా దుకాణంలో దొరికే మామూలు సంచీ తిండి ఇంట్లోకి వచ్చింది, పాలన్నంతో పాటు.

ఒకసారి ఇంటికెళ్లినప్పుడు ఊరికే కూర్చుని ఆ సంచీ వెనకాల చదివాను. మొదటి పేరు మొక్కజొన్న. తర్వాత చికెన్ మీల్, సోయాబీన్ మీల్, కార్న్ గ్లూటెన్ మీల్, బియ్యప్పిండి... పిల్లి తిండా ఇది, కోళ్ల దాణానా అనిపించింది. అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడా అదే మాట. "మక్కలు కోళ్లకేస్తరు గని పిల్లికెందుకురా?"

ఇక నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. రెండు రాత్రులు కూర్చుని అమెరికా వాళ్లు రాసిన సూత్రాలన్నీ పోగేశాను. మొదటి పదార్థం మాంసం అయి ఉండాలి. బై-ప్రొడక్ట్ అనే మాట ఉండకూడదు. మొక్కజొన్న, గోధుమ, సోయా ఉంటే మార్కులు తీసెయ్యాలి. స్ప్రెడ్‌షీట్ తయారు చేసి దొరికిన ప్రతి బ్రాండుకీ వందకి మార్కులు వేశాను. మన దగ్గర అమ్మేవన్నీ నలభై దాటలేదు. తొంభై రెండు వచ్చింది ఒక విదేశీ సరుకుకి. సాల్మన్ చేప, టర్కీ, బఠాణీలు, ఆలుగడ్డ, క్రాన్‌బెర్రీలు, ధాన్యం గింజ ఒక్కటీ లేదు. ధర ఇంటి కరెంటు బిల్లుకి రెండింతలు. తెప్పించాను. పాలన్నం కూడా బందు చేయించాను, పెద్ద పిల్లులకి పాలు అరగవు కదా అని. (అది నిజమే. చాలా పిల్లులకి పెద్దయ్యాక లాక్టోజ్ అరగదు.)

అమ్మ ఆ గింజలు చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. "గీ ఎండిపోయిన రాళ్లు తింటె దానికి దూప గాదా బిడ్డా?" అంది.

దూప అంటే దాహం. గిన్నెలో నీళ్లున్నాయి కదమ్మా, తాగుతాడులే అన్నాను.

అది 2022 మార్చి. మేలో కరీంనగర్ ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఒక గురువారం రాత్రి అమ్మ ఫోన్. బగ్గ ఇసుక డబ్బాలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతున్నాడు, అరుస్తున్నాడు, ఏమీ రావట్లేదు. "దొడ్డికి వస్తలేదేమోరా" అంది. నాకూ అలాగే అనిపించింది. మర్నాడు ఒక రిలీజ్ ఉంది. రేపు పొద్దున చూద్దాంలే అన్నాను. పొద్దున అమ్మ మళ్లీ చేసింది. వాంతులు, మంచం కింద నుంచి బయటికి రావట్లేదు. పక్క సీట్లో పిల్లుల్ని పెంచే సహోద్యోగి ఒకాయన ఈ మాట విని కుర్చీలోంచి లేచాడు. "అది దొడ్డి కాదు బాబూ, ఉచ్చ ఆగిపోయింది. మగ పిల్లి కదా? ఇప్పుడే తీసుకెళ్లమను, సాయంత్రం దాకా ఆగొద్దు."

అమ్మ వాణ్ణి గంపలో పెట్టి, పైన చీర కప్పి, ఆటోలో తీసుకెళ్లింది. నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు. డాక్టరు గారు మత్తిచ్చి గొట్టం వేసి మూత్రం తీశారు. మూత్రసంచి రాయిలా బిగుసుకుపోయిందిట. గొట్టంలోంచి ముందు వచ్చింది మూత్రం కాదు, ఇసుక లాంటి మడ్డి. ఇంకో రోజు ఆగి ఉంటే కిడ్నీలు పోయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగేదని చెప్పారు. మూడు రోజులు గొట్టంతోనే ఉన్నాడు.

ఏం తింటాడు అని అడిగారాయన. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను, సాల్మన్, టర్కీ, గ్రెయిన్ ఫ్రీ... చెయ్యెత్తి ఆపేశారు. "అది సరే, నీళ్లు ఎంత తాగుతడు?"

నా స్ప్రెడ్‌షీట్‌లో నీళ్లకి కాలమ్ లేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ డాక్టరు గారు కూడా తప్పంతా తిండిదే అనలేదు. లావెక్కడం, రోజంతా ఇంట్లోనే ఉండటం, ఎండాకాలం, అన్నీ కలిశాయన్నారు. కానీ లెక్క వేస్తే నాకే సిగ్గేసింది. పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు. దాహం తక్కువ, కావలసిన నీళ్లు చాలావరకు తిండిలోంచే తీసుకునే అలవాటు. ఎలుకలో దాదాపు 70 శాతం నీళ్లే. ఆరు కిలోల పిల్లికి రోజుకి ఎంత లేదన్నా 200 మిల్లీలీటర్లు కావాలి. ఎండు గింజల్లో తేమ 10, 12 శాతం ఉంటుంది. రోజుకి డెబ్భై గ్రాములు తింటే వచ్చేది ఎనిమిది మిల్లీలీటర్లు. మిగతాదంతా వాడు గిన్నెలోంచి తాగాలి. అంత తాగరు. ఎండు తిండి తినే పిల్లి గిన్నెలోంచి ఎక్కువే తాగుతుంది, అయినా తడి తిండి తినే పిల్లికి లోపలికెళ్లే మొత్తం నీళ్లతో సమానం కాదు. అమ్మ పెట్టిన పాలన్నంలో వేరే ఏమున్నా లేకపోయినా నీళ్లున్నాయి. అవి తీసేసింది నేనే.

ఆ తర్వాత నేను నమ్మిన సూత్రాల్ని ఒక్కొక్కటిగా మళ్లీ తిరగేశాను, ఈసారి కోడ్ రివ్యూ చేసినట్టు.

మొదటి పదార్థం సంగతి. జాబితాలో క్రమం బరువుని బట్టే, కానీ కలిపేటప్పటి బరువు, నీళ్లతో సహా. పచ్చి చికెన్‌లో 70 శాతం నీళ్లు. ముప్పై కిలోల పచ్చి చికెన్, ఇరవై అయిదు కిలోల మొక్కజొన్న కలిపితే జాబితాలో చికెనే ముందు. యంత్రంలోంచి ఎండి బయటికొచ్చేసరికి చికెన్ మిగిలేది తొమ్మిది కిలోలు, మొక్కజొన్న ఇరవై రెండు. చికెన్ మీల్ అన్నది ముందే నీళ్లు తీసేసిన పొడి కాబట్టి దానికి ఈ తిరకాసు లేదు. అంటే నేను నలభై మార్కులు వేసిన సంచీలో రెండో స్థానంలో ఉన్న చికెన్ మీల్, తొంభై రెండు వేసిన దానిలో మొదటి స్థానంలో ఉన్న సాల్మన్ కన్నా ఎక్కువ మాంసమే అయి ఉండొచ్చు.

ఆ తొంభై రెండు మార్కుల దానిలో ఇంకో తమాషా. బఠాణీలు, బఠాణీ ప్రొటీన్, బఠాణీ పీచు, మూడూ వేర్వేరుగా రాశారు. కలిపి రాస్తే సాల్మన్‌ని దాటేస్తాయేమో. ఒక పెద్ద ఫంక్షన్‌ని మూడు ముక్కలు చేసి, అన్నీ చిన్నవే అని రిపోర్టు ఇచ్చినట్టు.

పోనీ ప్రొటీన్ శాతం చూద్దామా అంటే అదీ నేరుగా కొలిచేది కాదు. డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1883లో కెల్డాల్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి. నైట్రోజన్‌ని కొలిచి 6.25తో గుణించడం. నైట్రోజన్ మాంసంలోంచి వచ్చిందా, సోయాలోంచి వచ్చిందా అన్నది ఆ లెక్కకి తెలియదు. కోడ్ లైన్లు లెక్కపెట్టి ప్రోగ్రామర్‌కి రేటింగ్ ఇవ్వడం గుర్తొస్తోందా? మనవాళ్లు ఏం చేశారో చైనాలో గోధుమ గ్లూటెన్ అమ్మినవాళ్లూ అదే చేశారు. మెలమిన్ అనే ప్లాస్టిక్ ముడిసరుకులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. వంద గ్రాములు కలిపితే పరీక్షలో నాలుగు వందల గ్రాముల పైచిలుకు ప్రొటీన్‌లా కనిపిస్తుంది. 2007 మార్చిలో అమెరికాలో మెనూ ఫుడ్స్ సంస్థ ఆరు కోట్ల డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ మెలమిన్, సయనూరిక్ ఆమ్లంతో కలిసి జంతువుల కిడ్నీల్లో స్ఫటికాలు కట్టింది, పిల్లులే ఎక్కువ దెబ్బతిన్నాయి. లేబుల్ మీద మాత్రం గోధుమ గ్లూటెన్ అనే ఉంది.

బై-ప్రొడక్ట్ మాటకైతే నాకు నవ్వొచ్చింది. అమెరికా వాడికి కార్జం, కందనకాయ, పేగులు అంటే అసహ్యం, అందుకని పిల్లికీ అసహ్యమే అనుకుంటాడు. తలకాయ కూర, బోటి, కాళ్ల షోర్వా తిని పెరిగిన నేను ఆ మాట పట్టుకుని మార్కులు కొయ్యడం ఏమిటి! పిల్లి ఎలుకని పట్టినా పొట్టా పేగులతోనే తింటుంది. బై-ప్రొడక్టుల్లో మంచివీ ఉంటాయి, నాసిరకంవీ ఉంటాయి. ఏవో ఆ ఒక్క మాట చెప్పదు, అంతే.

మక్కల సంగతీ అంతే. వండిన పిండిపదార్థం పిల్లులు బాగానే అరిగించుకుంటాయి. మక్కల్లో నిజంగా భయపడాల్సింది బూజు. మా దిక్కు కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా మక్కలు ఎండబోస్తారు. అకాల వాన ఒకటి పడితే టార్పాలిన్ల కింద వేడెక్కి బూజు పడతాయి. ఆ బూజులోంచి అఫ్లటాక్సిన్ పుడితే లివర్ పోతుంది. అమెరికాలో 2005లోనూ, 2020లోనూ దీనివల్లే కుక్కలు చనిపోయి పెంపుడు తిండి వెనక్కి తీసుకున్నారు. అక్కడ హద్దు వంద కోట్ల భాగాల్లో ఇరవై. మన సంగతంటారా, 2006 ఆహార భద్రతా చట్టం ఆహారానికి ఇచ్చిన నిర్వచనంలోంచే పశువుల దాణాని మినహాయించింది. మంచి మక్కలైనా తడిసిన మక్కలైనా లేబుల్ మీద పడేది ఒకటే పేరు.

ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర మా మేనమామ పత్తితో పాటు సోయా వేస్తాడు. ఈ గొడవంతా చెబితే, "మా సోయా గింజలోంచి నూనె వాళ్లు తీస్కుంటిరి, పిప్పి కోడికి, బర్రెకు వాయె, ఇప్పుడు పిల్లికి గూడనా అల్లుడా" అని ఒకటే నవ్వు. నవ్వినా నవ్వకపోయినా, ఆ పిప్పిలో ప్రొటీన్ 45 శాతం పైనే. లేనిదల్లా టారిన్.

టారిన్ కథ తెలిశాక నాకు పదార్థాల జాబితా మీద భ్రమలు పూర్తిగా పోయాయి. పిల్లి ఒంట్లో అది చాలినంత తయారవదు, మాంసంలోంచి రావలసిందే. అప్పటి ప్రమాణాల ప్రకారం టారిన్ సరిపోయినంత ఉన్న పేరున్న తిండ్లు తిన్న పిల్లులకే గుండె సాగిపోయి చనిపోయేవి. టారిన్ లోటే కారణమని పాల్ పయన్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1987లో సైన్స్ పత్రికలో రాసిన తర్వాత కంపెనీలు మోతాదు పెంచాయి, ఆ జబ్బు దాదాపు మాయమైంది. ఇప్పుడు అమెరికా ప్రమాణం ఎండు తిండిలో 0.10 శాతం, డబ్బా తిండిలో 0.20. డబ్బాకి రెట్టింపు ఎందుకంటే, అలా ఉడికించిన తిండి తిన్నప్పుడు టారిన్ ఒంట్లో నిలవకుండా ఎక్కువ పోతుంది. తయారు చేసే పద్ధతిని బట్టి అవసరమే మారిపోతుంటే, జాబితా చదివి ఏం తేలుస్తాం?

కాబట్టి ఇప్పుడు నేను చూసేవి వేరు. ఈ ఒక్క తిండితోనే బతకడానికి సరిపడా ఉందని, ఆఫ్కో గానీ యూరప్ వాళ్ల ఫెడియాఫ్ గానీ ప్రమాణం పేరు చెప్పి రాశాడా లేదా. కొన్నిటి మీద అది ఉండదు, అవి చిరుతిండి కిందే లెక్క. తయారీ తేదీ. ఫోన్ చేస్తే ఎత్తే కంపెనీయేనా. తేమ తీసేసి శాతాలు పోల్చడం కూడా నేర్చుకున్నాను. పౌచ్ మీద ప్రొటీన్ 8 శాతం అని చూసి ఇదివరకు పక్కన పెట్టేవాణ్ణి. కానీ దానిలో 85 శాతం నీళ్లు. మిగిలిన 15లో 8 అంటే 53 శాతం. ఎండు సంచీ మీది 30 శాతం, తేమ 12 తీసేసి చూస్తే 34.

దూరం నుంచి వచ్చింది మేలన్న భ్రమా పోయింది. మార్స్ వాళ్ల పెట్ ఫుడ్ ఫ్యాక్టరీ సిద్దిపేట జిల్లాలోనే ఉంది. హైదరాబాద్ నుంచి ఇంటికెళ్లే బస్సు దాటే జిల్లాయే. ఓడలో నెలలు ప్రయాణం చేసి, ఏ గోదాములో ఎంత ఎండకి మగ్గిందో తెలియని సంచీ కన్నా దగ్గర్లో తయారై త్వరగా చేరేది నయమేమో అని కూడా ఆలోచిస్తున్నాను.

బగ్గకి ఇప్పుడు రోజుకి రెండు పౌచ్‌లు, వాటిలో అమ్మ అర గ్లాసు గోరువెచ్చటి నీళ్లు కలుపుతుంది. కాసిని ఎండు గింజలు, అవీ నానబెట్టి. ఆదివారం చేప ఉంది, ఉడకబెట్టే. పచ్చి చేప రోజూ పెడితే దానిలోని ఎంజైము బి1 విటమిన్‌ని తినేస్తుంది. పులుసులోది మాత్రం వెయ్యొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడు చేస్తాయి. స్ప్రెడ్‌షీట్ తీసేశాను.

అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసినప్పుడు నా తిండి గురించి అడిగాక వాడి రిపోర్టు చెబుతుంది. నిన్నటిది: "ఇయ్యాల మూడుసార్లు వోసిండు బిడ్డా, బగ్గ వోసిండు."