వేడి, తడి, గాలి

బిషాన్ అంటే చైనీస్‌లో పచ్చకొండ అట. 1870లో ఇక్కడ ఏర్పడ్డ పెక్ సాన్ తెంగ్ శ్మశానం పేరే, 1980లలో సమాధులు తీసి ఫ్లాట్లు కట్టాక మాండరిన్ ఉచ్చారణలో బిషాన్ అయింది. "శ్మశానం మీద కాపురమా!" అని తెనాలి నుంచి దిగిన రోజే మా అత్తయ్యగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. ఆవిడకి అంతకన్నా పెద్ద దిగులు మనవరాలి మోచేతి మడతల్లో కనిపించింది.

మా పాపకి ఆరేళ్ళు. ఎగ్జిమా. పగలు చెమటకి దురద, రాత్రి ఏసీ పొడిగాలికి దురద. గోకుడు చప్పుడికి నాకు మెలకువ వచ్చేది. పొద్దున చూస్తే దుప్పటి మీద రక్తపు చుక్కలు. "ఇది అంటుకుంటుందా అమ్మా? నా పక్కమ్మాయి చెయ్యి పట్టుకోనంది" అని ఓరోజు అడిగింది. అంటుకోదు తల్లీ అని చెప్పాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర లేదు.

మా ఇంటి నుంచి ఎమ్మార్టీలో మూడో స్టేషన్ నొవీనా. అక్కడి నేషనల్ స్కిన్ సెంటర్‌లో డాక్టరమ్మ స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి, కొలత చూపించింది. పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు పొడవున తీస్తే దాదాపు అరగ్రాము. రెండు అరచేతులంత చర్మానికి అది చాలు. స్నానం కాగానే, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్.

స్టెరాయిడ్ అన్న మాటే అత్తయ్యగారికి గిట్టదు. ఎవరో తెలిసినవాళ్ళు, పేరూ వివరమూ లేని డబ్బాలో లేపనం ఇచ్చి "చిటికెలో తగ్గుతుంది" అన్నారు. అలాంటి వాటిలో చాటుగా గట్టి స్టెరాయిడ్లు కలుపుతున్నారని ఇక్కడి ప్రభుత్వం పలుమార్లు హెచ్చరించిందని చెప్పి, తిరిగి ఇచ్చేశాను.

పక్కింటి చైనీస్ ఆంటీ మాట మీద తో పాయోలో చైనా వైద్యుడి దగ్గరకీ వెళ్ళాం. 2000లో వచ్చిన చట్టం ప్రకారం వాళ్ళూ రిజిస్టరు చేసుకోవాలి. ఆయన నాలుక చూసి, నాడి పట్టి, ఒంట్లో వేడి, తడి, గాలి చేరాయన్నాడు. తెలుగులో చెప్పగానే అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. "వేడి చేసిందని నేను మొత్తుకోలా?" రొయ్యలు, పీతలు వద్దని ఆయనంటే, ఈవిడ వంకాయ కూడా చేర్చారు!

ఆయన రాసిన మూలికల జాబితా డాక్టరమ్మకి చూపించాను. 1992లో లండన్ పరిశోధనలో చైనా కషాయం మేలు చేసిందనీ, తర్వాత హాంకాంగ్‌లో ఆ మేలు కనబడలేదనీ, అన్నీ కలిపి చూసిన 2013 కాక్రేన్ సమీక్షకి గట్టి ఆధారం దొరకలేదనీ చెప్పింది. కొన్ని మూలికలు కాలేయాన్ని దెబ్బతీస్తాయంది. పరీక్ష లేకుండా పిల్ల తిండి తగ్గించొద్దంది. కషాయం మానేశాం.

అత్తయ్యగారు అలగలేదు. తన పాత నేత చీర చింపి పాప చేతులకి మెత్తటి తొడుగులు కుట్టారు. దురద పుట్టినప్పుడల్లా చల్లటి తడిగుడ్డ వేసి, కథ చెబుతూ కూర్చునేవారు. రెండు నెలలకి పాప తెల్లవార్లూ నిద్రపోవడం మొదలెట్టింది. ఎగ్జిమా పోలేదు, మా మాట వింటోందంతే. ఇప్పుడు ట్యూబు అత్తయ్యగారి చేతిలోనే ఉంటుంది. నేను తొందరపడితే "కణుపు దాటింది, తగ్గించమ్మాయ్" అంటారు.