తాళాలగుత్తి

కీర్తిశేషులైన నా సహోపాధ్యాయుని ఇల్లు మాచర్లలో చెన్నకేశవస్వామి ఆలయానికి కూతవేటు దూరంలో ఉంది. ఒకనాడు వారి ఇల్లాలు నన్ను పిలిపించారు.

"అన్నయ్యగారూ, ఆయన పోగుచేసిన పల్నాటి మాటలన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి. సంకేతపదం ఎవరికీ చెప్పలేదు. మీరేమైనా తెరవగలరా?"

సేద్యపు మాటలు, నాపరాతి గనుల మాటలు, ఆడవారి తిట్లు కూడా! పదిహేనేళ్ళ శ్రమ. మరో ప్రతి లేదు.

అందులో ఉన్నది ఉబుంటు. దానిలో సర్వాధికారియైన 'రూట్'కు మొదట సంకేతపదమే ఉండదు. వ్యవస్థను స్థాపించుకున్నవారు ఆజ్ఞకు ముందు 'సుడో' అని చేర్చి, తమ సంకేతపదం చెప్పి, ఆ అధికారాన్ని అరువు తెచ్చుకుంటారు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, విశ్వవిద్యాలయంలో పుట్టిన సాధనమిది. నాకు వ్యాకరణంలోని అధికారసూత్రం గుర్తుకువస్తుంది. అది తానుగా ఏ కార్యమూ చేయదు, తరువాతి సూత్రాలకు బలమిస్తుంది. సుడోకూ అనువృత్తి ఉంది: ఒకసారి చెబితే కొన్ని నిమిషాలపాటు మళ్ళీ అడగదు. (పాఠం చెప్పే అలవాటు పోలేదు, మన్నించండి.)

అయితే సుడో అడిగేది ఆయన సంకేతపదాన్నే. అదే లేదు కదా! యంత్రం మేల్కొనేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కిపట్టాను. గ్రబ్ పట్టిక వచ్చింది. అందులో రికవరీ మోడ్, ఆపైన రూట్ ఎంచుకున్నాను. ఏమీ అడగకుండానే తలుపు తెరుచుకుంది. డాలరు గుర్తుకు బదులు హాష్ గుర్తు కనబడింది. సంకేతపదం మార్చబోతే దోషం చూపింది. డిస్కు చదవడానికే గాని రాయడానికి తెరిచిలేదని కాసేపటికి తట్టింది. మౌంట్ ఆజ్ఞతో అది సరిచేసి, కొత్త సంకేతపదం పెట్టాను. డిస్కును గుప్తీకరించి ఉంటే ఈ విద్య పనికివచ్చేది కాదు.

సంతోషానికి బదులు బెరుకు కలిగింది. యంత్రం ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వారిదేనన్నమాట!

"పదాల ఫైలు ఒక్కటే తెరుస్తానమ్మా. మిగిలినవి మీరు చూసుకోండి" అన్నాను.

ఫైలు దొరికింది. అకారాదిగా సాగి 'మ' దగ్గర ఆగిపోయింది. పెన్‌డ్రైవులోకి ఎక్కించాను.

ఇంతలో తెరమీద చిన్న గవాక్షం. తాళాలగుత్తి తెరుచుకోలేదు, పాత సంకేతపదం చెప్పమంటోంది. బ్రౌజరు వంటివి దాచుకున్న రహస్యాలు అందులో ఉంటాయి. పాత మాట తెలియకపోతే రూటుకైనా అది తెరుచుకోదు.

"ఏమడుగుతోందన్నయ్యగారూ?" అన్నారామె.

"ఆయన్నే అడుగుతోందమ్మా" అని, రద్దు నొక్కాను.