వెదురు గడ్డి కాదట!

మా ఆఫీసులో ఈ మధ్య షేర్ల గురించి మాట్లాడేవాళ్ళు తగ్గి మొక్కల గురించి మాట్లాడేవాళ్ళు పెరిగారు. మరేం లేదు, హైదరాబాదు చుట్టుపక్కల ఫామ్ ప్లాట్లు. కాస్త భూమి, అందులో శ్రీగంధమో ఎర్రచందనమో మొక్కలు, పెంచే పూచీ వాళ్ళదే. పదిహేనేళ్ళకి కొట్టి అమ్ముకుంటే ఇక ఉద్యోగం చెయ్యక్కర్లేదట. వాళ్ళిచ్చిన రంగురంగుల కాగితం నేనూ చూశాను. మొక్క ఎంత పెరుగుతుందో ఉంది, కిలో ఎంత పలుకుతుందో ఉంది. కొట్టడానికి అనుమతి ఎవరివ్వాలో, లారీ కదలడానికి పర్మిట్ ఎవరివ్వాలో మాత్రం ఎక్కడా లేదు. అడిగితే "అదంతా వాళ్ళే చూసుకుంటారు బాస్" అన్నాడు మా టీము కుర్రాడు.

నాకు చిరాకేసేది ఇక్కడే. మన దేశంలో చెట్టు పెంచమని చెప్పేవాళ్ళు బోలెడుమంది. పెంచినవాడు దాన్ని అమ్ముకోగలడా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టదు. శ్రీగంధాన్నే తీసుకోండి. కర్ణాటకలో 2001 దాకా మీ పొలంలో మొలిచిన గంధం చెట్టు కూడా మీది కాదు, సర్కారుది. అలాంటప్పుడు మొలకని చూసిన రైతు ఏం చేస్తాడు? ఎవరూ చూడకుండా పీకేస్తాడు. నేనైనా అదే చేస్తాను.

ఈ తంతు పూర్తిగా అర్థం కావాలంటే వెదురు కథ చూడాలి.

వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి. వరి, చెరుకు కుటుంబమే. కానీ 1927 నాటి భారత అటవీ చట్టం "చెట్టు" అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలో తాటి జాతితోపాటు వెదుర్నీ కలిపేసింది. పోనీలే, ఏ పేరైతే ఏం అంటారా? చెట్టయితే అది కలప. కలపయితే అటవీశాఖ అనుమతి లేనిదే కొట్టడానికి లేదు, రవాణా పాసు లేనిదే కదలడానికి లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి వెదుర్ని తేనె, బీడీ ఆకులతోపాటు చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. అంటే ఒకే ఆబ్జెక్టుకి మూడు క్లాసులన్నమాట. మన కోడ్ అయితే కంపైలరే ఒప్పుకోదు :-)

అసలు వెదురు కొట్టకపోతేనే పొదకి చేటు. మొలిచిన కొమ్ము కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకి వెళ్ళిపోతుంది. మూడేళ్ళు దాటి ముదిరిన బొంగుల్ని తీసేస్తూ లేతవాటిని ఉంచితే పొద ఏళ్ళతరబడి ఇస్తూనే ఉంటుంది. వదిలేస్తే ఇరుక్కుపోతుంది. తట్టలూ చాటలూ అల్లే మేదరివాళ్ళకి ఇది ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మరి అడవిలో వెదురు ఎలా తగ్గిపోయింది? మాధవ్ గాడ్గిల్ 1970లలో కర్ణాటకలో ఈ పని మీదే తిరిగారు. అక్కడ దండేలిలో పెట్టిన కాగితం మిల్లుకి మొదట్లో ప్రభుత్వం వెదురు ఇచ్చిన రేటెంతో తెలుసా? టన్ను రూపాయిన్నర! బుట్టలల్లుకునేవాడు బజార్లో దానికి ఎన్నో రెట్లు పెట్టి కొనుక్కోవాలి. వెదురు తరిగిపోతుంటే ఊళ్ళవాళ్ళనీ వాళ్ళ పశువులనీ తప్పుబట్టారు. గాడ్గిల్ బృందం చూస్తే సంగతి వేరే. పొద మొదట్లో అల్లుకునే ముళ్ళకంప లేత కొమ్ములకి కంచెలాంటిది. పని సులువవుతుందని ఆ కంపని శుభ్రంగా నరికించేశారు. దాంతో మొలిచిన కొమ్మునల్లా జంతువులు మేసేశాయి. ఊళ్ళో జనం ముందునుంచీ అదే మొత్తుకుంటున్నారు! ప్రొడక్షన్ సర్వర్ సంగతి రోజూ దాంతో వేగేవాడిని అడగకుండా పైనుంచి "క్లీనప్" చేయించడం మనకి కొత్తేం కాదు కదా.

1988 అటవీ విధానం వచ్చాక కాస్త మార్పొచ్చింది. అడవి సరుకుని కారుచౌకగా ఇవ్వడం మానాలి, మిల్లులు తమ కలపని రైతుల దగ్గర పెంచించుకోవాలి అంది. మన గుంటూరు, ప్రకాశం, ఖమ్మం పొలాల్లో సుబాబులూ జామాయిలూ అంతలా పరుచుకోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం ఎవరూ చెప్పరు. వీటికి మన దగ్గర కొట్టే, తరలించే అనుమతుల్లో మినహాయింపులున్నాయి. టేకుకి ఆ సుఖం లేదు. రైతు భూసారం చూసి మాత్రమే కాదు, చెక్‌పోస్టుని చూసి కూడా మొక్క నాటతాడు. కొనేది రెండు మూడు మిల్లులే కావడంతో ధర దగ్గర దెబ్బతిన్నాడు. అది వేరే గొడవ.

ఇక మెండా లేఖా గురించి చెప్పాలి. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాలోని చిన్న గోండు పల్లె. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం సంపాదించింది. సరే, మా వెదురు మేం కొట్టి అమ్ముకుంటాం అంటే అటవీశాఖ రవాణా పాసు ఇవ్వనంది. హక్కుంది, వెదురుంది, కొనేవాడున్నాడు, కాగితం లేదు. వాళ్ళు పట్టు వదల్లేదు. 2011 మార్చిలో కేంద్ర మంత్రి జైరాం రమేష్ వెదుర్ని చిన్నతరహా ఫలసాయంగానే చూడాలని ముఖ్యమంత్రులకి ఉత్తరాలు రాశారు. ఏప్రిల్ 27న ఆయనే, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ని వెంటబెట్టుకుని, ఆ ఊరు వచ్చి పాసుల పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. ఒక్క రసీదు పుస్తకం కోసం దేశంలో ఓ చట్టం, ఓ కేంద్రమంత్రి, ఓ ముఖ్యమంత్రి కావలసొచ్చాయి. ఆ తర్వాత 2012లో రూల్సే మార్చి, పాసులిచ్చే అధికారం గ్రామసభ వేసుకున్న కమిటీకి ఇచ్చారు. 2017లో అడవి బయట పెరిగే వెదుర్ని "చెట్టు" నిర్వచనంలోంచి తీసేశారు. అంటే తొంభై ఏళ్ళకి పొలంలో వెదురు మళ్ళీ గడ్డయింది. అడవి లోపలిది మాత్రం ఇంకా అటవీ చట్టం కిందే!

పర్మిట్లన్నీ ఎత్తేస్తే దొంగలు పడి అడవి ఊడ్చేస్తారు అంటారు. శేషాచలం చూశాక ఆ మాట కొట్టిపారెయ్యలేను. కాకపోతే అక్కడ ఇన్ని పర్మిట్లూ చెక్‌పోస్టులూ ఉండగానే దుంగలు ఓడరేవుల దాకా వెళ్ళాయి. ఆగింది పద్ధతిగా దరఖాస్తు పెట్టుకున్న రైతు లారీ మాత్రమే.

మన సంగతి అడుగుతారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక హక్కు పత్రాలు చాలాచోట్ల గ్రామసభలకి కాకుండా వనసంరక్షణ సమితుల పేర రాసిచ్చారు. ఆ సమితులు అటవీశాఖ తన పథకాల కోసం పెట్టించినవి. చట్టం హక్కు ఇవ్వమన్నది గ్రామసభకి.