వఫాదారీ

"నువ్వెటువైపు?" అని ముసల్మానును అడగటం ఇవాళ్టిది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో, తుర్కీ ఖలీఫా జిహాద్ ప్రకటించాడు. హైదరాబాద్ రిసాలా ఇంగ్లీషువాళ్ల తరఫున ఆ తుర్కీ మీదికే పోయి పాలస్తీనాలో పోరాడింది. నిజాంకు 'యారే వఫాదార్' బిరుదు దక్కింది. గుర్రపు సిపాయికి 1922లో ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర మూడు కంచు విగ్రహాల్లో ఒకటి దక్కింది.

కంచుకు పీడకలలు రావు. మనిషికొస్తాయి. ఇంగ్లీషు డాక్టర్లు 1915లోనే దాన్ని 'షెల్ షాక్' అని రాశారు. నా రెండు భాషల్లో అది జబ్బే కాలేదు. అమ్మీ ఉర్దూలో 'సాయా' పడింది, వాడకట్టు తెలుగులో 'గాలి' సోకింది. తాయెత్తే మందు.

నన్నిప్పటికీ వఫాదారీకి రుజువు అడుగుతున్నారు. ఆ రుజువు చూపించి ఇల్లు చేరిన సిపాయికి రాత్రుళ్లు నిద్ర పట్టిందా అని ఎవరడిగారు?